కండెలక్క ప్రమాణం

బేడీలు వేయగానే మాట పడిపోయే మనిషిని మీరెప్పుడైనా చూశారా? బట్టల మిల్లులో మగ్గాలకు నూనె వేసే ఆయిలర్ అలాంటివాడు. పుట్టుచెవుడు. నోటితో మాట్లాడటం రాదు. ఏం చెప్పినా చేతులతోనే చెబుతాడు. అరెస్టు చేసిన రోజు స్టేషన్లో అతను చేతులు గాల్లో ఆడిస్తూ ఒకటే హడావిడి చేస్తుంటే, ఎవరినైనా కొడతాడేమోనని పోలీసులు బేడీలు తగిలించారు. పాపం, తన తప్పేమీ లేదని అతను మొత్తుకుంటున్నాడు. బేడీలు పడ్డాక ఆ మొత్తుకోవడమూ ఆగిపోయింది.

ఈ సంగతి కండెలక్క చెవిన పడింది ఒక మధ్యాహ్నం, మొగుడి సైకిల్ షాపులో.

ఆమె క్యారియర్ విప్పి అన్నం పెడుతోంది. ఆయన చక్రాన్ని స్టాండుకి బిగించి, కడ్డీలు ఒక్కొక్కటే వేలితో మీటి చూస్తున్నాడు. హెల్మెట్ చంకలో పెట్టుకున్న ఒక అమ్మాయి గుమ్మంలో వచ్చి నిలబడింది.

"పంక్చరా?" అన్నాడాయన తలెత్తకుండానే.

"కాదండీ. కండెలక్క అంటే..."

"అయితే పంక్చర్ కన్నా పెద్ద రిపేరే. అదిగో, అక్కడుంది."

"నువ్వు చేతులు కడుక్కోవయ్యా ముందు," అని మొగుణ్ణి కసిరి, కండెలక్క స్టూలు జరిపింది. "కూర్చో అమ్మా. ఏం కావాలి?"

ఆ అమ్మాయి లాయరు. ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళ కేసులు కోర్టు తరఫున వాదిస్తుంది. ఆయిలర్ కేసు ఆమె చేతికి వచ్చింది. సంగతంతా గబగబా చెప్పేసింది.

మిల్లు షెడ్డులో కొత్తగా చేరిన నేత పిల్ల చెయ్యి మగ్గం తిప్పే బెల్టులో పడి వేళ్ళు నలిగిపోయాయి. బెల్టు మీద ఉండాల్సిన ఇనుప జాలీ ఆ రోజు లేదు. దాన్ని విప్పింది ఆయిలర్. విప్పమన్నది ఎవరు? ఎవరూ అనలేదు అంటున్నాడు షెడ్డు మేస్త్రీ. "వాడికి ఏం చెప్పినా అర్థం కాదు, వాడు ఏం చెప్పినా మాకు అర్థం కాదు, సొంత తెలివితో విప్పుకున్నాడు," అని పోలీసుల దగ్గర రాయించాడు. నేరం రుజువైతే ఆయిలర్‌కి జైలు ఖాయం.

"కోర్టు సైగల భాష తెలిసినాయన్ని పిలిపించింది," అంది లాయరమ్మ. "పెద్ద పేరున్న మనిషి. అరగంట కూర్చుని చేతులెత్తేశాడు. బడిలో నేర్పే సైగలు ఇతనికి ఒక్కటీ రావట. ఇతని సైగలు ఆయనెప్పుడూ చూడలేదట."

కండెలక్కకి నవ్వొచ్చింది. "ఎలా వస్తాయమ్మా? వాడు బడి మొహం చూస్తేగా. వాళ్ళమ్మ నేతపని చేసేది. వీణ్ణి మగ్గాల మధ్యనే పెంచింది. వాడికి తెలిసింది షెడ్డు భాషే."

షెడ్డు భాష అంటే ఏమిటో మిల్లులో పనిచేసినవాళ్ళకే తెలుసు. వరసలు వరసలుగా మగ్గాలు ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. అందుకని నేతవాళ్ళు చేతులతో మాట్లాడుకుంటారు. పోగు తెగితే రెండు వేళ్ళు కలిపి విడదీస్తారు. మేస్త్రీ వస్తున్నాడంటే లేని మీసం దువ్వుతారు. పెళ్ళి సంబంధాలు, అత్తాకోడళ్ళ తగాదాలు, సినిమా కథలు, అన్నీ ఆ చేతుల మీదే నడిచిపోతాయి. కొత్తవాళ్ళకి ఏడాది పడుతుంది నేర్చుకోవడానికి. ఆయిలర్‌కి అది తల్లిభాష.

కండెలక్క చిన్నప్పటినుంచీ ఆ షెడ్డులోనే పెరిగింది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు చుట్టిన కండె మార్చడంలో ఆమెకు సాటి లేదు, పేరూ అలాగే వచ్చింది. ఆమె ఆ మగ్గాల దగ్గర్నుంచి బయటికొచ్చి చాలాకాలమైంది.

"ఇప్పుడు మిల్లులో ఉన్నవాళ్ళెవరూ రారు," అంది లాయరమ్మ. "మేస్త్రీ పనిలోంచి తీసేయిస్తాడని భయం. మీ సంగతి కూడా ఒకామె గేటు దగ్గర చెవిలో చెప్పి పారిపోయింది. మీరు రావాలి. అతను చేతులతో చెప్పింది నోటితో చెప్పాలి. అంతే."

"ప్రమాణం చేయాలా?"

"చేయాలి కదండీ."

"అయితే నా వల్ల కాదు," అంది కండెలక్క. క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టేసింది. "నాకు ఆ హక్కు పోయింది."

లాయరమ్మకు అర్థం కాలేదు. మొగుడు చక్రం తిప్పడం ఆపాడు.

"నేను చెబుతానమ్మా," అన్నాడు. "తప్పు నాది. సమ్మె రోజుల్లో ఒళ్ళు మండి మేనేజరు కారు అద్దం బద్దలుకొట్టాను. కేసయింది. ఇది కోర్టుకెళ్ళి, మా ఆయన జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు అని ప్రమాణం చేసి మరీ చెప్పింది. ఇంతలో ఎవడో ఫోనులో తీసిన బొమ్మ బయటపడింది. అందులో నేను రాయి పట్టుకుని సినిమా హీరోలా నిలబడ్డాను. అద్దం పగలగొట్టిన నాకు జరిమానా. పగలగొట్టలేదన్న దీనికి జైలు."

"అబద్ధపు సాక్ష్యం," అంది కండెలక్క. "అదీ నా నేరం. ఇప్పుడు చెప్పు. నా ప్రమాణం ఎవరిక్కావాలి?"

లాయరమ్మ హెల్మెట్ కింద పెట్టింది.

"అమ్మా, శిక్ష పడ్డవాళ్ళకి కొన్ని పోతాయి, కొన్ని పోవు. కోర్టు పెట్టుకునే అనువాదకుల జాబితాలో మీ పేరు చేరదు. కొన్ని ఉద్యోగాలు రావు. అది నిజమే. కానీ ప్రమాణం చేసి మాట్లాడే హక్కు పోదు. అవతలి లాయరు మీ పాత కేసు తీసి అందరి ముందూ ఉతికేస్తాడు. అది వాళ్ళ హక్కు. మీ మాట ఎంతవరకు నమ్మాలో మేజిస్ట్రేటు చూసుకుంటాడు. తలుపైతే మూసేయరు."

"జైల్లో వార్డరమ్మ చెప్పింది, సాక్ష్యం, ఓటు, సంతకం అన్నీ పోయినట్టేనని."

"ఓటా?" లాయరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "బయటికొచ్చాక మీరు ఓటే వేయలేదా?"

"ఆయన వెళ్ళి వేసొస్తాడు. నేను షాపు చూసుకుంటాను."

"మీ ఓటు మీకు విడుదలైన రోజే తిరిగొచ్చింది!"

కండెలక్క మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? ఇన్నేళ్ళూ నువ్వు వేసిన దిక్కుమాలిన ఓట్లకి ఎదురు ఓటు వేసే దిక్కు లేకపోయింది."

ఆయన నవ్వి చక్రం తిప్పాడు. కానీ కండెలక్క మాత్రం వస్తానని అనలేదు. అందరి ముందూ ఉతికేస్తారు అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. లాయరమ్మ వెళ్ళబోతూ గుమ్మంలో వెనక్కి తిరిగింది.

"అరెస్టయిన దగ్గర్నుంచి అతనితో మాట్లాడినవాళ్ళు ఒక్కరూ లేరమ్మా. నేనెళ్ళినప్పుడు చేతులు ఇలా పెడతాడు." రెండు చూపుడువేళ్ళు పక్కపక్కన పెట్టి చుట్టూ తిప్పి చూపించింది. "రోజూ అదే. అంటే ఏంటి?"

కండెలక్క చప్పున చూపు దించుకుంది. అది కండె చుట్టే సైగ. షెడ్డులో తన పేరు అది.

"ఎప్పుడు రావాలి?" అంది.

*

ఇప్పుడామె పని ఆసుపత్రి లాండ్రీలో. ఆవిరి గదిలో దుప్పట్లు మడతపెట్టాలి, చిరిగినవి కుట్టాలి. పాత కేసు సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. మామూలుగా సెలవడిగితే పోయేది. కానీ రేపు కోర్టులో లాయర్లు తన పురాణం విప్పాక ఆ మాట ఊరంతా తిరిగి ఇన్‌చార్జి చెవికి చేరే బదులు, తన నోటితోనే వినిపిద్దామనుకుంది.

ఇన్‌చార్జి లావుపాటి మనిషి, ఎప్పుడూ మెడలో టేపు వేలాడుతుంటుంది. అంతా విని టేపు సవరించుకుంది.

"జైలుకెళ్ళొచ్చావా?"

"వెళ్ళొచ్చానక్కా."

"మొగుడి కోసం అబద్ధమాడి?"

"అవును."

"నీకన్నా తెలివితక్కువది ఇంకొకతి ఉందా? నేనైతే ఆ రాయి పట్టుకున్న బొమ్మ ఫ్రేము కట్టించి కోర్టుకి నేనే పట్టుకెళ్ళేదాన్ని." ఆమె రిజిస్టరు కోసం కళ్ళద్దాలు వెతుక్కుంది. "సరే, నువ్వు లేనప్పుడు ఆపరేషన్ థియేటరు గుడ్డలు ఎవరు మడత పెడతారో అది చెప్పి పో."

*

కోర్టు హాలు చిన్నది. ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాల మీద రాళ్ళు, స్టాప్లర్లు, చేతికందింది పెట్టుకుంటున్నారు. ఆయిలర్‌ని తీసుకొచ్చి బోనులో నిలబెట్టారు. చిక్కిపోయాడు. కండెలక్కను చూడగానే బేడీలు గలగలమన్నాయి. కట్టేసిన చేతులతోనే ఏదో చెప్పబోయి, కుదరక ఊరుకున్నాడు.

"ముందు ఆ బేడీలు తీయించండి సర్," అంది లాయరమ్మ. "ఆయనకి నోరు కట్టేసినట్టుంది."

మేజిస్ట్రేటు పెద్దాయన. కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కించి చూశాడు. తీయమని సైగ చేశాడు.

మేస్త్రీ సాక్ష్యం పొద్దున్నే అయిపోయింది. ఇస్త్రీ చొక్కా, దువ్విన మీసం. ముందు బెంచీలో హాయిగా కూర్చున్నాడు. తనకు ఆయిలర్ సైగలు ఒక్కటీ తెలియవని, అసలవి సైగలే కావని, ఉత్త పిచ్చి ఊపులని ప్రమాణం చేసి చెప్పాడు. ఆ మాట లాయరమ్మ తన చెవిలో చెబితే కండెలక్క నోరు తెరిచింది. "వీడా? షెడ్డులో అందరికన్నా ఎక్కువ వాగేది వీడి చేతులే!"

"ఇప్పుడు అరవకండి. మనకి సాక్ష్యం లేదు."

కండెలక్క సాక్షి బోనెక్కింది. ప్రమాణం చేయించే గుమాస్తా నోరు తెరిచేలోపే సర్కారు లాయరు లేచాడు.

"అభ్యంతరం సర్. ఈమెకు ప్రమాణం చేసే అర్హత ఉందా అని ముందు తేల్చాలి." ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, మీకు గతంలో శిక్ష పడిందా?"

"పడిందండీ."

"ఏ నేరానికి?"

"అబద్ధపు సాక్ష్యానికి."

బెంచీల్లో గుసగుసలు లేచాయి. వెనకెవరో చప్పరించారు.

"కోర్టులోనే చెప్పారా ఆ అబద్ధం?"

"కోర్టులోనేనండీ. ఈ హాలు కాదు, పక్క హాలు. ఆ హాల్లో ఫ్యాను బాగుంటుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు కానీ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు ఒకసారి చూశాడు.

"అప్పుడు కూడా ఇదే ప్రమాణం, ఇవే మాటలు. అవునా?"

"అవునండీ. అక్షరం తేడా లేదు."

"విన్నారుగా సర్!" అని సర్కారు లాయరు కూర్చున్నాడు, కేసు గెలిచేసినట్టు.

కండెలక్క చెంపలు కాలిపోతున్నాయి. ఉతకడం అంటే ఇదన్నమాట. వెనక బెంచీలో మొగుడు తల వంచుకున్నాడు.

లాయరమ్మ లేచింది. రెండే ముక్కలు చెప్పింది. జాబితాలో చేరే అర్హత లేకపోవడం వేరు, ప్రమాణం చేసే అర్హత లేకపోవడం వేరు. శిక్ష పడ్డవాళ్ళ నోటికి చట్టం తాళం వేయలేదు. ఈమె నోటికి తాళం వేస్తే, బోనులో ఉన్న మనిషికి తన వాదన వినిపించే హక్కు పోతుంది.

మేజిస్ట్రేటు పెన్సిలు చివర గడ్డం మీద తట్టుకున్నాడు.

"ప్రమాణం చేయొచ్చు. నమ్మాలా వద్దా అన్నది నా పని. ముందు ఈమెకు ఆ భాష వచ్చో రాదో చూద్దాం."

కండెలక్క ప్రమాణం మొదలుపెట్టింది. అవే మాటలు. ఈసారి ఒక్కో మాటా అరుగు దిగే ముసలమ్మలా చూసి చూసి అడుగేసింది.

తర్వాత మేజిస్ట్రేటు ఆమెను గోడ వైపు తిరగమన్నాడు. సొరుగులోంచి ఏదో తీసి ఆయిలర్‌కి మాత్రం చూపించి, మళ్ళీ లోపల పెట్టేసి, ఇటు తిరగమన్నాడు. ఆయిలర్ చేతులు చకచకా ఆడాయి.

"కళ్ళజోడు డబ్బా అంటున్నాడండీ," అంది కండెలక్క. "మూత ఊడిపోతే పిన్నీసుతో పట్టించారట. కీలు తుప్పు పట్టిందట. ఒక్క చుక్క నూనె వేస్తే పిన్నీసు అక్కర్లేదు, తీసుకురండి నేనే వేస్తాను అంటున్నాడు."

హాలంతా నవ్వింది. మేజిస్ట్రేటు సొరుగు మూసుకున్నాడు.

"వచ్చింది భాష," అన్నాడు.

"భాష రావడం వేరు, నిజం చెప్పడం వేరు సర్," సర్కారు లాయరు మళ్ళీ లేచాడు. "డబ్బా గురించి అబద్ధమాడితే ఆమెకు లాభమేముంది? కేసు సంగతి వచ్చేసరికి తన మనిషిని కాపాడుకోడానికి ఏదైనా కల్పిస్తుంది. అలవాటున్న మనిషి."

కండెలక్క నోట్లోంచి వచ్చేది ఆయిలర్ మాటో, కండెలక్క మాటో చూసి చెప్పగలిగిన మనిషి ఆ హాల్లో ఇంకెవరూ లేరు. ఉన్న ఒక్కడూ, తెలియదని ప్రమాణం చేసి కూర్చున్నాడు.

"సరే, అడగండి," అన్నాడు మేజిస్ట్రేటు. "జాలీ ఎందుకు విప్పాడు?"

కండెలక్క చేతులతో అడిగింది. ఇన్నాళ్ళ తర్వాత వేళ్ళు కొంచెం బిగుసుకున్నాయి, కానీ మరిచిపోలేదు.

ఆయిలర్ ఊపిరి పీల్చుకున్నాడు. ఎన్నాళ్ళుగా లోపల కుక్కుకున్నాడో, ఒక్కసారిగా మొదలుపెట్టాడు. ముందు మీసం దువ్వాడు. మేస్త్రీ అన్నమాట. అరచేత్తో గాల్లో అడ్డంగా నరికి తల ఊపాడు, ఆపొద్దు అని. బొటనవేలు వంచాడు, నూనె వెయ్యి అని. తర్వాత తన ఛాతీ చూపించుకుని, వేళ్ళు అల్లి ముందు పెట్టి, జాలీ అడ్డముంది కదా ఎలా అని అడిగినట్టు చూపించాడు. మళ్ళీ మీసం దువ్వి, స్క్రూ తిప్పినట్టు మణికట్టు తిప్పాడు. విప్పెయ్. చివరికి వేలు తిన్నగా చాచి ముందు బెంచీ వైపు చూపించాడు. ఈయనే.

కండెలక్క చెప్పడానికి నోరు తెరవబోతోంది.

అప్పుడు జరిగింది అది.

ముందు బెంచీలో మేస్త్రీ మొహం ఎర్రబడిపోయింది. బెంచీ మీంచి సగం లేచాడు. నోట మాట రాలేదు. రాదు కూడా. ఎందుకంటే ఇరవై ఏళ్ళుగా ఆయిలర్‌తో దెబ్బలాడినప్పుడల్లా నోరు వాడిన అలవాటు ఆయనకు లేదు. చెవిటివాడి మీద అరిచి ఏం లాభం? చేతులే లేచాయి. చకచకా, కోపంగా, షెడ్డులో మగ్గాల మధ్య నిలబడ్డట్టే తిట్టేశాడు. ఎంత చక్కగా తిట్టాడంటే కండెలక్కకి ఒక్క క్షణం మగ్గాల చప్పుడు వినపడినట్టయింది.

చేతులు దించాక గానీ ఆయనకి తనెక్కడున్నాడో గుర్తు రాలేదు.

అందరూ మేస్త్రీ చేతుల వంకే చూస్తున్నారు.

"ఈమె ఇంకా నోరు తెరవలేదు," అన్నాడు మేజిస్ట్రేటు మెల్లగా. "ఆయనేమన్నాడో మీకెలా తెలిసింది?"

మేస్త్రీ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"అయ్యా," అంది కండెలక్క, "ఇద్దరి చేతులూ చెప్పమంటారా?"

"ఇద్దరివీ చెప్పండి."

ఆయిలర్ అన్నది ముందు చెప్పింది. ఇక మేస్త్రీ వంతు. ఇక్కడ ఆమె ఆగిపోయింది. మేస్త్రీ చేతులు రెండు సంగతులు చెప్పాయి. ఒకటి ఆయిలర్‌ని కాపాడేది. ఇంకొకటి ముంచేది. ముంచేది వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది? ఎలాగూ మేస్త్రీ ఇరుక్కున్నాడు, వాడి మాట ఇక ఎవరు నమ్ముతారు? బోనులో ఆయిలర్ ఆమెనే చూస్తున్నాడు. చిన్నప్పుడు షెడ్డులో తను కండెలు మారుస్తుంటే పక్కన పడుకున్న పిల్లాడు. లాయరమ్మ కళ్ళల్లో ఆశ. వెనక బెంచీలో మొగుడు. ఆ పక్క హాల్లో ఆ రోజు కూడా ఇలాగే నిలబడింది తను. అప్పుడు కూడా మంచిపనే చేస్తున్నాననుకుంది.

"అబద్ధం అన్నాడండీ," అంది. "'అబద్ధాలకోరు వెధవా, విప్పమని నేనెప్పుడన్నాను?' అన్నాడు."

లాయరమ్మ పెన్ను కింద పడింది. సర్కారు లాయరు తలెత్తాడు, నమ్మలేనట్టు.

"తర్వాత?" అన్నాడు మేజిస్ట్రేటు.

"'మగ్గం ఆపొద్దు, ఆపకుండా నూనె వెయ్యి అన్నాను, అంతే. జాలీ అడ్డమంటే నీ తిప్పలు నువ్వు పడమన్నాను' అన్నాడండీ. తర్వాత ఒక బూతు. అది కూడా చెప్పాలా?"

"అదే!" మేస్త్రీ ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు. "నేనన్నది సరిగ్గా అదే సార్! విప్పమని అనలేదు! ఈవిడే చెబుతోంది కదా!"

అని, అన్న మాట తన చెవులకే వినపడి, నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు.

సర్కారు లాయరు నుదురు పట్టుకున్నాడు. మేజిస్ట్రేటు కళ్ళజోడు కిందికి దించుకుని ఫైల్లో ఉన్న ఫోటో చాలాసేపు చూశాడు. మగ్గం, బెల్టు, జాలీ బిగించే స్క్రూ రంధ్రాలు, వాటి వెనక నూనె పోసే గొట్టం.

"మగ్గం ఆపకుండా, జాలీ విప్పకుండా, ఆ గొట్టంలోకి నూనె ఎలా పోస్తారు?" అని అడిగాడు.

మేస్త్రీ మెల్లగా కూర్చున్నాడు.

"భోజనాల తర్వాత కలుద్దాం," అన్నాడు. లేస్తూ కండెలక్క వైపు చూశాడు. "మీకు నష్టమయ్యే మాట కూడా దాచకుండా చెప్పారు. ఈమె అనువాదం కోర్టు తీసుకుంటోంది. రాసుకోండి."

*

వరండా చివర కుళాయి దగ్గర మేస్త్రీ మొహం కడుక్కుంటున్నాడు. ఎన్నిసార్లు కడుగుతున్నాడో, చొక్కా ముందంతా తడిసిపోయింది. పొద్దున్నటి మీసం కిందికి వాలింది.

"పద అమ్మా, అన్నం తిందాం," అంది లాయరమ్మ సంబరంగా. "ఇక వాడి పని అయిపోయింది. సైగలు రావని ప్రమాణం చేసి చెప్పాడు. అబద్ధపు సాక్ష్యం కేసు పడుతుంది."

కండెలక్క అడుగు ముందుకు పడలేదు. సంతోషించాల్సిన మాటే. మేస్త్రీ అంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. కానీ ఆ తడిసిన చొక్కా చూస్తుంటే, శిక్ష పడ్డ రోజు తను పోలీసు వ్యాను మెట్టు మీద కాలు జారడం గుర్తొచ్చింది.

"అమ్మా, ఒక సంగతి అడుగుతాను. ఇంకా తీర్పు రాలేదు కదా. ఇప్పుడు వెళ్ళి, పొద్దున నేనన్నది తప్పు, నిజమిది అని చెబితే?"

"చెప్పొచ్చు. తీర్పుకి ముందే తనంతట తను దిద్దుకుంటే కోర్టు చాలావరకు వదిలేస్తుంది."

"నాకు అప్పుడు అలా చేయొచ్చని తెలుసా ఏంటి? ఎవరూ చెప్పలేదు."

కండెలక్క వరండాలోంచి కుళాయి వైపు తిరిగింది. అంత దూరం నుంచి అరిస్తే అందరూ వింటారు. చెయ్యి ఎత్తి గాల్లో రెండుసార్లు ఊపింది. మేస్త్రీ అలవాటుకొద్దీ తలెత్తాడు.

ఆమె చేతులతో చెప్పింది. తీర్పు రాలేదు. ఇప్పుడే వెళ్ళి నిజం చెప్పెయ్. దారుంది. లేకపోతే నేను తిన్న కూడు నువ్వూ తింటావు.

మేస్త్రీ తడిచేతులతో అడిగాడు. మేనేజరు ఊరుకుంటాడా?

కండెలక్క భుజాలెగరేసింది. ఆపొద్దని నీకు చెప్పింది ఎవరు మరి?

మేస్త్రీ మీసం మీద నీళ్ళు తుడుచుకున్నాడు.

భోజనాల తర్వాత హాల్లోకి అడుగుపెట్టగానే మేజిస్ట్రేటు ముందు నిలబడింది మేస్త్రీయే. మిల్లు తరఫున వచ్చిన లాయరొకాయన చెయ్యి పట్టుకుని లాగినా ఆగలేదు. సైగలు వచ్చని ఒప్పుకున్నాడు. మగ్గం ఆపొద్దని చెప్పింది నిజమన్నాడు. ఆపితే ఉత్పత్తి తగ్గిందని మేనేజరు తనని తిడతాడన్నాడు. జాలీ విప్పుతాడని తెలుసా అని అడిగితే, తల దించుకుని, "ఇంకో దారి లేదని తెలుసు సార్," అన్నాడు. అదంతా కండెలక్క ఆయిలర్‌కి చేతులతో చెబుతూనే ఉంది. ఆయిలర్ కళ్ళు మేస్త్రీ మీదనుంచి తిప్పలేదు. చివరి మాట దగ్గర మాత్రం తల ఒకసారి ఊపాడు, అలా అన్నావు బాగుంది అన్నట్టు.

మేజిస్ట్రేటు ఆయిలర్‌ని ఆ సాయంత్రమే సొంత పూచీ మీద వదిలేయమన్నాడు. మేనేజరుకి సమన్లు పంపమన్నాడు. కేసు పూర్తిగా కొట్టేయడానికి ఇంకొక్క వాయిదా పడుతుందని, అప్పుడు కూడా కండెలక్కే రావాలని చెప్పాడు. సర్కారు లాయరు ఈసారి లేవలేదు.

బయట మెట్ల దగ్గర ఆయిలర్ ఊరుకోవడంలేదు. జైల్లో గోడలకి తడి ఎలా పట్టిందో, పక్క గదివాడు ఎలా పడుకుంటాడో, గేటు కీళ్ళు ఎంత ఎండిపోయాయో, చూస్తే ప్రాణం ఉసూరుమనేదని, అన్నీ ఒకేసారి చెప్పేస్తున్నాడు. కండెలక్క ఆపమని రెండుసార్లు చెప్పి, నవ్వి వదిలేసింది. మొగుడు సైకిల్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు, వాళ్ళ చేతుల వంక మార్చి మార్చి చూస్తూ.

అంతలో ఆయిలర్‌ని వాయిదాలకి కోర్టుకి తీసుకొచ్చే పోలీసాయన సంతకాలు పెట్టించుకుని వచ్చాడు. వెళ్ళకుండా కాసేపు అక్కడే తచ్చాడాడు.

"అక్కా, ఒక మాట. వీడు వాయిదా ఉన్న ప్రతి పొద్దునా నన్ను చూడగానే ఇలా చేసేవాడు." పోలీసాయన రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టి ఆడించి, తర్వాత పొట్ట తడుముకున్నాడు. "నేను కూడా తిరిగి అదే చేసేవాణ్ణి, మర్యాదకి. నమస్కారం లాంటిదేమోనని. అంటే ఏంటక్కా?"

ఆయిలర్ గతుక్కుమని ఆకాశం వైపు చూడటం మొదలుపెట్టాడు.

షెడ్డులో ఆ సైగకి ఒకే అర్థం. పొట్ట పెరిగిన గాడిద.

కండెలక్క పెదాలు బిగబట్టింది. తర్వాత లాయరమ్మ చెవి దగ్గరికి వంగింది.

"నా ప్రమాణం ఇంకా నడుస్తోందా అమ్మా?"

"హాలు దాటాక లేదు."

"అయితే సరే," అని కండెలక్క పోలీసాయన వైపు తిరిగింది. "పెద్దమనసున్న మనిషివి అంటున్నాడు తమ్ముడూ."

పోలీసాయన మొహం వెలిగిపోయింది. ఆయిలర్ ముందుకొచ్చి నిలబడి, చెవుల దగ్గర రెండు చేతులూ పెట్టి, నిండుగా ఆడించి, పొట్ట తడుముకున్నాడు.